అరాచకం మాస్టారు, ఆయన టేబుల్ ఫ్యాను

ఆ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పే మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు అరాచకం. ఎదురుపడితే "గుడ్ మార్నింగ్ సార్" అంటారు, మెట్ల మలుపు తిరగ్గానే "అరాచకం వస్తున్నాడ్రా" అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. మొదట్లో కాస్త చిన్నబుచ్చుకున్నాడు గాని, తోటి లెక్చరర్లకు పెట్టిన పేర్లు విన్నాక తనకు దక్కింది గౌరవమైనదేనని సరిపెట్టుకున్నాడు. లెక్కల మాస్టారిని గుడ్లగూబ అనేవారు. ఎలా చూసినా అరాచకమే నయం.

పేరు ఊరికే రాలేదు. ఏటా మొదటి క్లాసులో ఆ మాటే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, సుద్దముక్క బల్ల మీదికి విసిరి, లేని మీసం దువ్వుకుని మొదలుపెట్టేవాడు.

"అరాచకమంటే బస్సులు తగలబెట్టడం కాదర్రా. పైన ఎవరూ లేకపోవడం. మీ ఇంట్లో దొంగలు పడితే పోలీసు దగ్గరికి పరుగెత్తుతారు. ఒక దేశంలోకి పక్క దేశం జొరబడితే ఎవరి దగ్గరికి పరుగెత్తుతుంది? దేశాలకు పోలీసు లేడు, జడ్జీ లేడు, చెవి మెలిపెట్టే అమ్మానాన్నా లేరు. అందుకని ఎవడి జాగ్రత్త వాడిదే. పక్కవాడు కత్తి నూరుతున్నాడనుకోండి. కూరగాయల కోసమేలే అని ముసుగు తన్ని పడుకోలేం కదా? మనమూ ఒకటి నూరాలి. మనం నూరడం చూసి వాడు ఇంకోటి నూరుతాడు. ఇద్దరిలో ఒక్కడూ చెడ్డవాడు కాడు. కత్తులు మాత్రం కుప్పపడ్డాయి. దీన్నే వాస్తవికవాదం అంటారు."

పాఠం పాఠంలా ఉంటే బాగుండేది. ఆయన దాన్ని ఇంటికి మోసుకెళ్ళాడు. సంచిలో ఎప్పుడూ రెండు గొడుగులు ఉండేవి. ఒకటి వాన కోసం, రెండోది ఆ మొదటిదాన్ని ఎవరైనా అడిగి పట్టుకుపోతారేమోనని. మేడమీది వాటాలో ఉండే బావమరిది బల్బు మార్చుకోవడానికి ఒక నిచ్చెన కొన్నాడు. వారం తిరక్కుండా మాస్టారు అంతకంటే పొడుగుది కొన్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు. బావమరిది దానికి మురిసిపోయి, తన నిచ్చెన ఎవరికో ఇచ్చేసి, అప్పట్నుంచి "బావా, నిచ్చెనోసారి" అని పైనుంచి కేకేయడం మొదలుపెట్టాడు. పోటీలోంచి తప్పుకుని మన ఆయుధంతోనే కులాసాగా బతికే శత్రువును ఏమనాలో మాస్టారు చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. "ఈయనో దేశం, మేమంతా సరిహద్దులం" అని భార్య చుట్టాలకు చెప్పి నవ్వేది. ఆయన కూడా నవ్వేవాడు గాని, ఆ మాటలో తప్పేముందో ఆయనకు అర్థమయ్యేది కాదు.

కాలేజీలో ఆయన సరిహద్దు మరీ దగ్గర. ఆయన బల్లకు ఎదురు బల్ల ఒప్పందాల మేడమ్‌ది. అదీ పిల్లలు పెట్టిన పేరే. ఆయన కత్తుల దాకా చెప్పి వదిలేసిన పాఠాన్ని ఆవిడ అందుకుని ఉదారవాదం చెప్పేది.

"పైన ఎవరూ లేరన్న మాట నిజమే. మాస్టారు అబద్ధం చెప్పలేదు" అని మొదలుపెట్టేది ఆవిడ. "కానీ రేపు మళ్ళీ మొహం మొహం చూసుకోవాల్సిన వాళ్ళు ఇవాళ మోసం చెయ్యడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఒకడి సరుకు ఇంకొకడికి కావాలి. ఎవరేం చేస్తున్నారో అందరికీ కనబడేలా నలుగురూ కూర్చునే చోటు ఒకటి పెట్టుకుంటారు. పోలీసు లేకపోయినా మాట నిలబడుతుంది. రోజూ కాదు. చాలా రోజులు."

"కాగితప్పులులు మేడమ్ మీ ఒప్పందాలు. అవసరం వస్తే చింపి పారేస్తారు" అనేవాడు ఈయన గదిలోకి రాగానే.

"చింపిన మర్నాడు మళ్ళీ రాసుకోడానికి కూర్చునేదీ వాళ్ళే కదా మాస్టారూ" అనేది ఆవిడ, పేపర్లు దిద్దుతూనే. మధ్యలో పిల్లలు ఈ బల్ల దగ్గర అడిగిన సందేహానికి ఆ బల్ల దగ్గర జవాబు తీసుకుని, పరీక్షలో రెండూ కలిపి రాసి, ఇద్దరి చేతా మార్కులు వేయించుకునేవారు.

ఆ రెండు బల్లలకూ మధ్య స్టూలు మీద ఒక టేబుల్ ఫ్యాను. సీలింగు ఫ్యాను ఎప్పుడో ఊడి కిందపడింది, కొక్కెం ఒక్కటే మిగిలింది. మేడమ్ ఉద్యోగంలో చేరే నాటికి టేబుల్ ఫ్యాను మొహం పూర్తిగా మాస్టారి వైపే ఉంది. ఆవిడ మొదటి ఎండాకాలం విసనకర్రలా అటెండెన్సు పుస్తకంతో విసురుకుంది. రెండో ఎండాకాలం లేచి వచ్చి, ఫ్యాను వెనక ఉన్న బుడిపె నొక్కింది. అది నొక్కితే ఫ్యాను అటూ ఇటూ తిరుగుతుంది, పైకి లాగితే ఉన్నచోటే ఆగిపోతుంది. "ఇలా తిరగనిద్దాం మాస్టారూ, ఇద్దరికీ సగం సగం" అంది. ఆయన ఒప్పుకున్నాడు. తాను మంచివాడు గనక ఒప్పుకున్నానని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఇద్దరి బలమూ సమానమయ్యేసరికి గత్యంతరం లేక ఒప్పుకున్నాననే పిల్లలకు ఉదాహరణగా చెప్పుకున్నాడు.

అంతటితో ఆగలేదు. మేడమ్ క్లాసుకు వెళ్ళగానే బుడిపె పైకి లాగి, ఫ్యానును తన వైపు తిప్పుకుని, చొక్కా పైగుండీ విప్పుకుని కూర్చునేవాడు. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినబడగానే బుడిపె నొక్కేసి, ఏమీ ఎరగనట్టు పుస్తకంలో తల దూర్చేవాడు. దేశదేశాల కుట్రలు విప్పిచెప్పే మనిషి చేసిన కుట్ర మొత్తం ఇంతే. అదీ గాలి కోసం.

ఇలా వెళ్ళిపోతున్న రోజుల్లో శాఖాధిపతి రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఆ గదికి కూడా పైన ఎవరూ లేకుండా పోయారు. పైగా ఆ ఏడు రాజనీతి శాస్త్రంలో చేరిన పిల్లలు ముందు రెండు బెంచీలకే సరిపోయారు. "ఈ శాఖకు ఇద్దరెందుకు అంటున్నాడండీ కరస్పాండెంటు గారు" అని అటెండరు టీ గ్లాసులు పెడుతూ చెప్పాడు. "మిమ్మల్నిద్దర్నీ విడివిడిగా పిలుస్తారట. ఒక్కరే నడపగలరా లేదా అని అడుగుతారట. నడపగలనన్నవాళ్ళు ఉంటారు."

మాస్టారు టీ గ్లాసు అందుకోబోయి ఆగాడు. ఏటా ఆయన బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి చెప్పే లెక్క అచ్చం ఇదే. విడివిడి గదుల్లో ఇద్దరు ఖైదీలు. ఇద్దరూ మాట మీద నిలబడితే ఇద్దరూ బతుకుతారు. ఒకడు నిలబడి రెండోవాడు తప్పితే, తప్పినవాడే బతుకుతాడు. ఇద్దరూ తప్పితే ఇద్దరికీ మూడినట్టే. చెప్పీ చెప్పీ నోటికొచ్చేసిన ఆ గళ్ళలోకి ఆయన చెప్పులతో సహా వచ్చి పడ్డాడు. పెద్దమ్మాయి చదువు సగంలో ఉంది. ఈ వయసులో ఇంకో కాలేజీ తనను గుమ్మం ఎక్కనివ్వదని ఆయనకు బాగా తెలుసు.

మేడమ్ పరిస్థితీ అంతే. అత్తగారు మంచంలో ఉన్నారు, ఇంటికి జీతం తెచ్చేది ఆవిడొక్కతే. అటెండరు వెళ్ళాక ఆవిడే నోరు విప్పింది.

"మాస్టారూ, ఇద్దరం ఒకటే మాట చెబుదాం. ఒకరితో కాదు, ఇద్దరూ కావాలని. అప్పుడు ఎవర్నీ తీసెయ్యలేరు."

"అలాగే మేడమ్. అదే మంచిది" అన్నాడాయన. అనాల్సిన దానికంటే కాస్త తొందరగా అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసి, మళ్ళీ పేపర్లు దిద్దుకుంది.

ఇంట్లో ఈ సంగతి చెబితే భార్య చేస్తున్న పని ఆపింది. "ఆవిడ మంచిదేగా?" అని మాత్రం అడిగింది. నిచ్చెన తీసుకెళ్ళడానికి వచ్చిన బావమరిది మాత్రం అక్కడే చతికిలబడ్డాడు.

"బావా, ఇందులో ఆలోచించడానికేముంది? జీవితమంతా నువ్వు చెబుతున్నదే కదా. ఆవిడ మాట మీద ఉందనుకో, నువ్వు తప్పితే నీకు లాభం. ఆవిడ తప్పిందనుకో, అప్పుడూ నువ్వు తప్పకపోతే నీకు దెబ్బ. ఎలా చూసినా తప్పడమే తెలివి. నీ పాఠం నాకే అర్థమైంది, నీకు అర్థం కాలేదా?"

"నా పాఠం దేశాల గురించిరా."

"దేశాలేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? వాటినీ మనలాంటి వాళ్ళేగా నడిపేది" అంటూ బావమరిది నిచ్చెన భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

ఆ మాట నిజమేననిపించింది. మాస్టారు స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, "నేనొక్కణ్ణే చాలండీ, నడిపేస్తాను" అని అని చూసుకున్నాడు. నోరు బాగానే తిరిగింది. కళ్ళు మాత్రం అద్దంలోంచి ఆయన్ని చూడలేక పక్కనున్న బకెట్టును చూశాయి. అయినా ఆ మాటే ఖాయం చేసుకున్నాడు.

కరస్పాండెంటు పిలిచే ముందు రోజు సాయంత్రం కాలేజీ గేటు దాటాక, సంచిలో ఒక్క గొడుగే ఉందని గుర్తొచ్చింది. రెండోది గదిలో మర్చిపోయాడు. వెనక్కి వచ్చాడు. గది తలుపు ఓరగా తీసి ఉంది. మేడమ్ తల వంచుకుని పేపర్లు దిద్దుతోంది. చెంపల మీద చెమట. మధ్యలో ఫ్యాను అటూ ఇటూ తిరుగుతోంది. ఆవిడ వైపు వచ్చింది, మెల్లగా మళ్ళి మాస్టారి ఖాళీ కుర్చీ వైపు వెళ్ళింది, అక్కడ ఎవరూ లేని కుర్చీకి కాసేపు గాలి విసిరి, మళ్ళీ ఆవిడ దగ్గరికి వచ్చింది.

ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. తాను లేనప్పుడు కూడా తన వాటా తనకే వదిలేసింది ఈ మనిషి. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ తాను దొంగతనంగా లాక్కున్న గాలంతా ఒక్కసారి మొహానికి కొట్టినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయాడు. గొడుగు తీసుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు, దారిలో వాన వచ్చింది, సంచిలో ఉన్న మొదటి గొడుగు విప్పడం కూడా మర్చిపోయి తడిసి ముద్దయ్యాడు. ఇంటి గుమ్మంలోనే "ఆవిడ మంచిదే" అని భార్యకు చెప్పాడు.

మర్నాడు పొద్దున మొదటి క్లాసులో ఆయన చెప్పాల్సింది, కర్మ కాకపోతే, ఆ ఖైదీల లెక్కే. మేడమ్‌తో అన్న మాట మీదే నిలబడాలని నిర్ణయించుకున్న మనసు తేలిగ్గా ఉందేమో, ఆ పాఠం జన్మలో అంత బాగా చెప్పలేదు. బోర్డు అదిరేలా గళ్ళు గీశాడు. "ఇద్దరూ నిలబడితే ఇద్దరికీ మంచిదే! కానీ నిలబడరు! ఎదుటివాడు నిలబడతాడని మీకెవరు చెప్పారు? పక్క గదిలో వాడేం చేస్తున్నాడో మీకు కనబడుతుందా? బుద్ధున్నవాడు ముందుగా మాట తప్పుతాడు! నమ్మినవాడు మునుగుతాడు!" అని బల్ల గుద్దాడు. వెనక బెంచీ కూడా చప్పట్లు కొట్టింది. ఆయన పొంగిపోయాడు.

కరస్పాండెంటు గది తలుపుకు రెండు రెక్కలున్నా ఒక రెక్కకు ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి. ముందు మేడమ్ వెళ్ళింది. బయటికి వచ్చినప్పుడు మాస్టారి వైపు చూడకుండా గబగబా వెళ్ళిపోయింది. కంగారు పడిందిలే పాపం అనుకుని ఆయన లోపలికి వెళ్ళాడు.

"ఏం మాస్టారూ, మీ శాఖ ఒకరితో నడుస్తుందా?"

"నడవదండీ. ఇద్దరం ఉండాలి."

"ఇద్దరెందుకు? చెప్పేది ఒకటే సబ్జెక్టు కదా."

"దేశాలు ఎందుకు కొట్టుకుంటాయో నేను చెబుతానండీ. మిగతా రోజుల్లో ఎందుకు కొట్టుకోవో ఆవిడ చెబుతుంది. మిగతా రోజులే ఎక్కువండీ."

ఈ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది. కరస్పాండెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరేమో ఇలా అంటున్నారు. ఆవిడ మాత్రం ఒక్కతే చూసుకోగలనని చెప్పి వెళ్ళింది. చేస్తానన్నవాళ్ళ చేత చేయించుకోవాలి గాని, నేనింకేం చెయ్యను చెప్పండి? సాయంత్రం కబురు చేస్తాను."

మాస్టారు నమస్కారం పెట్టి బయటపడ్డాడు. ఉద్యోగం పోయింది. అమ్మాయి చదువు, ఇల్లు, భార్యకు చెప్పాల్సిన మాట, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. వాటన్నిటి అడుగునా ఎక్కడో ఓ మూల చిన్న సంబరం. చూశారా, నేను చెప్పలేదూ, నా సిద్ధాంతమే గెలిచింది! తన కొంప మునుగుతుంటే నీళ్ళు ఎంత లోతున్నాయో సరిగ్గా చెప్పానని మురిసిపోయే వెధవ ప్రపంచంలో తానొక్కడే ఉంటాడని అప్పుడే అనుకున్నాడు, ఆ తరవాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

గదిలోకి వచ్చేసరికి మేడమ్ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది.

"నేను ఇద్దరం కావాలన్నాను మేడమ్" అన్నాడు, ఇంకేం అనాలో తెలియక.

ఆవిడ బల్ల మీంచి చేతులు తీసేసింది. "నిజంగానా?"

"నిజంగానే."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పొద్దున గోడవతల క్లాసు నాదే మాస్టారూ. మీ గొంతు గోడలకు ఆగదు. బుద్ధున్నవాడు మాట తప్పుతాడన్నారు. నమ్మినవాడు మునుగుతాడన్నారు. బల్ల కూడా గుద్దారు. నాకు ముందుగానే చెప్పేస్తున్నారనుకున్నాను. ఇన్నేళ్ళుగా మీ పాఠం వింటూనే ఉన్నాను, ఒక్కనాడూ నమ్మలేదు. ఇవాళ నమ్మాను."

"నమ్మడానికి ఇవాళే దొరికిందా మేడమ్ మీకు?" ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కోపం రావాల్సింది, రాలేదు. ఆవిడ నేర్చుకున్నది తన దగ్గరే.

"మరి మీరెందుకు నిలబడ్డారు? మీరు?" ఆ రెండో 'మీరు' దగ్గర ఆవిడ గొంతులో బాధ కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

ఆయన సిగ్గుపడుతూ, నీళ్ళు నములుతూ, గొడుగు కోసం వెనక్కి రావడం, ఖాళీ కుర్చీకి గాలి, అన్నీ చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ ఫ్యాను వైపు చూసి, కళ్ళు తుడుచుకుంది.

"అదా... నిన్న సాయంత్రం నుంచి ఆ బుడిపె పైకి రావట్లేదు మాస్టారూ. ఇరుక్కుపోయింది. ఎంత లాగినా తిరుగుతూనే ఉంటోంది. లేకపోతే ఆపేసేదాన్నే. అంత ఉక్కలో ఎవరైనా ఖాళీ కుర్చీకి గాలి పెడతారా?"

మాస్టారు లేచి వెళ్ళి లాగి చూశాడు. రాలేదు. నమ్మకం అనుకుని తాను తలకెత్తుకున్నది ఒక రిపేరు.

"ఎలా ఇరుక్కుందో?" అన్నాడు, ఊరుకోలేక.

"అన్నేళ్ళు ఎవరో దొంగచాటుగా లాగీ నొక్కీ అరగదీశారు" అంది మేడమ్. "నా చెప్పుల చప్పుడు కాగానే లోపల టక్‌మని వినబడేది."

"తెలుసా మీకు! మరి అడగలేదేం?"

"నేను లేనప్పుడేగా ఆపేవారు. రాగానే తిప్పేసేవారు. ఎవరో చూస్తారన్న భయంతోనైనా సరే, మాట నిలబడిందిగా. ఒప్పందమంటే అంతకంటే ఏముంటుంది అనుకున్నాను."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఏడవాల్సిన ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక మేడమ్ చీర కొంగు సర్దుకుని లేచింది. "పదండి మాస్టారూ. ఈసారి కలిసి వెళదాం. నా మాట వెనక్కి తీసుకుంటాను."

వరండాలో నడుస్తుంటే ఆయన లోపల పాతికేళ్ళ పాఠం గుసగుసలాడింది. లోపలికి వెళ్ళాక ఈవిడ ఏమంటుందో ఎవరికి తెలుసు? గది తలుపు దగ్గర ఆయన గడియ వేసి ఉన్న రెండో రెక్కను కూడా తీశాడు. ఇద్దరూ ఒక్కసారే లోపలికి వెళ్ళారు.

"ఒక్కదాన్నే చాలని మీరే అన్నారు కదమ్మా?" అన్నాడు కరస్పాండెంటు.

మేడమ్ వెంటనే మాట్లాడలేదు. మాస్టారు పక్కకు తిరిగి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ నోటి నుంచి వచ్చే మాటకు తన సంసారం మొత్తం వేలాడుతోంది, పైనుంచి పట్టుకునేవాడు ఎవడూ లేడు. అరాచకం అంటే ఏమిటో అన్నేళ్ళు చెప్పినవాడికి అది ఎలా ఉంటుందో ఆ పూటే తెలిసింది.

"భయపడి అన్నానండీ" అంది మేడమ్. "ఈయన నన్ను ముంచుతాడని భయపడి, ముందుగా నేనే ముంచాను. ఒక్కదాన్ని చెయ్యలేను. ఇద్దరం కావాలి."

కరస్పాండెంటు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, ఈ ఏడాదికి ఇద్దరూ ఉండండి, వచ్చే ఏడు ఎంతమంది చేరతారో చూసి మళ్ళీ అడుగుతాను అన్నాడు. గెలిచామని చెప్పుకోవడానికి లేదు. మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ ఇద్దరూ ఆ వరండాలో నడవాలి.

గదిలోకి వచ్చి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. ఫ్యాను ఆవిడ దగ్గర్నుంచి ఆయన దగ్గరికి వచ్చింది. చెమటకు తడిసిన చొక్కా వీపుకు చల్లగా తగిలింది.

"రేపు మెకానిక్కును పిలిపించి ఆ బుడిపె బాగు చేయించమంటారా మాస్టారూ?"

"వద్దు మేడమ్, అలాగే ఉండనివ్వండి. మీ మీద నాకు నమ్మకం కుదిరింది. నా మీదే ఇంకా కుదరలేదు."

ఫ్యాను ఆయన్ని దాటి మేడమ్ వైపు వెళ్ళింది. ఆయన పైగుండీ విప్పుకుని, అది మళ్ళీ తన దాకా వచ్చే వరకు ఓపిగ్గా కూర్చున్నాడు.